ఇరుసుకు వెల్డింగ్, తమ్ముడికి పర్మిట్

సింగపూర్‌లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అద్దె గదులు, పచ్చళ్ల ఆర్డర్లు, ఊరెళ్లేవాళ్లతో పంపాల్సిన మందుల పొట్లాలు మామూలే. వాటి మధ్య ఈ మధ్య ఇంకో రకం ప్రశ్న కనిపిస్తోంది. ‘జిమ్నీకి యాక్సిల్ ట్రస్ వెల్డింగ్ చేయించాలి. మనవాళ్లలో షిప్‌యార్డ్ వెల్డర్ ఎవరైనా ఉన్నారా? ఆదివారమైతే బెటర్.’ దాని కింద అయిదారు బొటనవేళ్లు, రెండు ఫోన్ నంబర్లు. నంబర్లు పెట్టినవాళ్లు సాయం చేశామనే అనుకుంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్న చూసినప్పుడల్లా గుండె కాస్త గుబేలుమంటుంది. బండి గురించీ, ఆ నంబరు తాలూకు మనిషి గురించీ.

నేను పెరిగింది గాజువాకలో. చదివింది మెకానికల్, ఇక్కడికొచ్చి మాస్టర్స్, ఆ తర్వాత మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్. చదివిన మెకానికల్ అన్నం పెట్టలేదు గానీ, మరిచిపోయేంత దూరమూ పోలేదు. అందుకే ఈ విషయంలో కాస్త చొరవ తీసుకుంటున్నాను.

ఈ ఊళ్లో ఆఫ్‌రోడింగ్ ఏమిటని ఇండియాలో ఉన్నవాళ్లు నవ్వొచ్చు. నవ్వాల్సిందే. ఇక్కడ అన్నిటికంటే ఎత్తయిన బుకిత్ తీమా కొండ 163 మీటర్లు. సింహాచలం చూసిన కళ్లకు అది గట్టులా ఉంటుంది. కానీ వంతెన దాటితే జోహోర్. కోట తింగి వైపు గునుంగ్ పంటి అడవి దారులు, ఎర్రమట్టి, పామాయిల్ తోటల మధ్య వానకు తెగిన బాటలు. మలేసియాలో 1997 నుంచి నడుస్తున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ అయితే కావాలనే వానాకాలంలో పెడతారు. శని, ఆదివారాలు అక్కడికెళ్లి బురదలో ఇరుక్కుని, వించ్‌తో లాక్కుని, సోమవారం బుద్ధిగా ఆఫీసుకొచ్చే మనవాళ్లు నాకు కొందరు తెలుసు. సరదా మంచిదే. ఐప్యాడ్ వదిలి పిల్లలు బురద తొక్కడం ఇంకా మంచిది.

సరదా ముదిరితే టైర్లు పెద్దవవుతాయి. ఆ తర్వాత స్ప్రింగులు, ఇనుప బంపర్, వించ్, పైన ర్యాక్. ఇవన్నీ అయ్యాక ఎవరో చెబుతారు, ‘యాక్సిల్ వంగిపోతుంది బ్రో, ట్రస్ వేయించు’ అని.

ట్రస్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జిమ్నీకి, జీప్ రాంగ్లర్‌కు ముందూ వెనుకా, మన మహీంద్రా థార్‌కు వెనుకవైపు, ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇరుసు ఉంటుంది. ఎడ్లబండి ఇరుసు గుర్తు తెచ్చుకోండి, దాదాపు అదే. తేడా ఏమిటంటే ఇది బోలు గొట్టం, లోపల తిరిగే షాఫ్టులు, మధ్యలో డిఫరెన్షియల్ గుండు. బండి బరువు స్ప్రింగుల ద్వారా గొట్టం మీద పడుతుంది, నేల చక్రాల ద్వారా రెండు చివర్లనూ పైకి నెడుతుంది. వేగంగా గోతిలో దూకితే ఆ గొట్టం మధ్యకు కుంగి, చివర్లు పైకి లేస్తాయి. దాన్ని ఆపడానికి గొట్టం మీద నిలువు రేకులతో వంతెనలాంటి కట్టడాన్ని వెల్డ్ చేస్తారు. అదే ట్రస్. చిన్నప్పటి చెక్క స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, నిలబెట్టి వంచితే వంగదు. ఎత్తు రెండింతలైతే వంపును తట్టుకునే గుణం ఎనిమిదింతలవుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు, లెక్క సరైనదే.

తేడా వచ్చేది వెల్డింగ్ దగ్గర. మీటరు పొడవున్న ఉక్కు కడ్డీ వంద డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. వెల్డింగ్ చోట లోహం 1,500 డిగ్రీల దాకా వెళ్లి కరుగుతుంది, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే బలం మామూలుది కాదు. మన ఊళ్లలో కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేది ఈ బలంతోనే. పట్టాను ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తే అది ముడుచుకుని చెక్కలన్నిటినీ పట్టి బిగిస్తుంది. అక్కడ మేలు చేసిన గుణమే ఇక్కడ ఇరుసును వంచేస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడాలి. ట్రస్‌ను గొట్టం పైభాగాన వెల్డ్ చేస్తారు. పైభాగం ముడుచుకుంటే గొట్టం చివర్లు ఎటు వెళతాయి? పైకి. గోతిలో పడినప్పుడు ఎటు వంగుతుందని భయపడ్డామో, సరిగ్గా అటే. అడవిలోకి వెళ్లకముందే, షెడ్డులో స్టాండు మీదే ఇరుసు వంగిపోతుంది. పైగా ఇప్పుడు దానికి ట్రస్ ఉంది కాబట్టి వంగిన ఇరుసు గట్టిగా వంగే ఉంటుంది.

నా మిత్రుడి బండికి ఇదే జరిగింది. వంతెన అవతల ఒక షెడ్డులో మధ్యాహ్నం భోజనానికి వదిలి, సాయంత్రం టీ వేళకు తీసుకున్నాడు. ఇరుసును బండి నుంచి దించలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆపకుండా ఒకటే గీత లాగేశారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, నల్ల పెయింటు కొట్టి మెరిపించారు. రెండు నెలల్లో వెనుక టైర్లు లోపలి అంచున అరిగాయి, ఒకవైపు సీల్ నుంచి నూనె కారి బ్రేకు తడిసింది. చక్రాలను వెనుక నుంచి చూస్తే పైభాగాలు రెండూ లోపలికి వాలి ఉన్నాయి. సీల్ రెండుసార్లు మార్చారు. కారుతున్నది సీల్ తప్పు వల్ల కాదు, షాఫ్టు వెళ్లే దారే వంకరైందని ఎవరికీ తోచలేదు. బ్రేకులో నూనె పడ్డ బండిలో పిల్లలిద్దరినీ ఎక్కించుకుని హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చాడు పాపం, ఆ సంగతి తెలియక.

సరిగ్గా చేస్తే పని ఎలా ఉంటుందో చెబుతాను. చేయించమని కాదు, తేడా తెలియాలని. ముందు ఇరుసును బండి నుంచి పూర్తిగా దించాలి. నూనె తీసి, షాఫ్టులు, డిఫరెన్షియల్, సీళ్లు, బ్రేకులు అన్నీ విప్పాలి. సీళ్లు వేడికి కాలిపోతాయి. కరెంటు బేరింగుల గుండా పోతే వాటి మీద గుంటలు పడతాయి. ఇరవై ఏళ్ల బురద, నూనె, పెయింటు అంతా మెరిసే లోహం కనిపించేదాకా గ్రైండ్ చేయాలి, లేకపోతే వెల్డ్ లోపల బుడగలు మిగులుతాయి. ట్రస్ రేకు గొట్టం వంపుకు అతికినట్టు కూర్చోవాలి. సందు ఎంత ఎక్కువుంటే అంత లోహం పోయాలి, అంత లాగుతుంది. తర్వాత గొట్టాల గుండా, మధ్య బేరింగు గూళ్లలోంచి ఒక తిన్నని లావు కడ్డీ దూర్చి పెడతారు. ఇరుసు వంగుతుంటే ఆ కడ్డీ బిగుసుకుని చెప్పేస్తుంది. అప్పుడు ట్యాకులు. ఆ తర్వాత ఇక్కడో అంగుళం, అవతలి చివర్లో అంగుళం, ఎదురు పక్కన అంగుళం. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ ఇంకో అంగుళం. ఇలా ఒక రోజు పని, కొన్నిసార్లు రెండు రోజులు. ట్రస్ చివర్లు మొండిగా ఆగిపోకుండా సన్నబడుతూ ముగియాలి. గట్టిగా ఉన్నది అకస్మాత్తుగా మెత్తనిదానితో కలిసిన చోటే పగులు మొదలవుతుంది. ఆ చివరన గొట్టం చుట్టూ అడ్డంగా వెల్డ్ గీయకూడదు.

ఇవన్నీ పాటించినా జీప్ లాంటి వాటిలో ఇంకో చిక్కుంది. డానా 44 వంటి ఇరుసుల్లో మధ్య గుండు పోత ఇనుము, దానిలోకి ఉక్కు గొట్టాలు నొక్కి అతికిస్తారు. పోత ఇనుమును మామూలు ఉక్కులా వెల్డ్ చేస్తే చల్లారుతూనే పక్కన పగులుతుంది. ముందుగా గుండునంతా వేడి చేయాలి, నికెల్ ఉన్న రాడ్ వాడాలి, తర్వాత దుప్పటి కప్పినట్టు కప్పి గంటల తరబడి నిదానంగా చల్లార్చాలి. జిమ్నీది ఇలా కాదు, రేకు వత్తి చేసిన హౌసింగ్ కాబట్టి ఈ బాధ తక్కువ. రేకు పలచన కాబట్టి వంకరపోయే బాధ ఎక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. కంపెనీల వెల్డింగ్ కూడా దేవుడు దిగొచ్చి చేసింది కాదు. 2018లో రాంగ్లర్లలో ముందు సస్పెన్షన్ ట్రాక్ బార్ బ్రాకెట్ వెల్డ్ సరిగా లేదని అమెరికాలో రీకాల్ జరిగింది. అయితే అక్కడ ఎవరు, ఏ రోజు, ఏ యంత్రంతో చేశారో రికార్డుంది, కాబట్టి వెనక్కి పిలవగలిగారు. మధ్యాహ్నం భోజనవేళ షెడ్డు చేసినదానికి రికార్డేది? మా వృత్తిలో రాత్రి పంపిన కోడ్ బెడిసికొడితే తెల్లారేసరికి పాతదాన్ని పెట్టేస్తాం. వెల్డింగ్‌కు ఆ సౌకర్యం లేదు.

అసలు ఇది కావాలా అన్నది ఇంకో ప్రశ్న. దాదాపు 1,100 కిలోల జిమ్నీని, దాని సొంత టైర్లతో, నెలకోసారి గునుంగ్ పంటి బురదలో నిదానంగా నడిపేవాడికి ట్రస్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఇరుసులు వంగేది బురదలో కాదు, వేగంలో. అదీ పెద్ద టైర్లూ, మోయలేని ఇనుప సామానూ తగిలించాక. ర్యాక్ దించి, టైర్లలో గాలి తగ్గించి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే కంపెనీ ఇరుసే చాలు. ఇంకో సంగతి. గొట్టాన్ని గట్టి చేస్తే దెబ్బ మాయమైపోదు, పక్కకు జరుగుతుంది. గొట్టం వంగని బండిలో చక్రం దగ్గర నకిల్ విరుగుతుంది, లేదా షాఫ్టు తెగుతుంది. వంగిన గొట్టంతో మెల్లగా ఇంటికి రావచ్చు. నకిల్ విరిగితే చక్రం మనకంటే ముందు వెళ్లిపోతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇక్కడ ఎల్‌టీఏ వాహనాల మార్పులను మూడు రకాలుగా చూస్తుంది. అడగక్కర్లేనివి, అనుమతి తీసుకోవాల్సినవి, అసలు చేయకూడనివి. ఇరుసు, ఛాసిస్ లాంటి బరువు మోసే భాగాన్ని ముట్టుకునే ముందు రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి. బీమా కంపెనీకీ చెప్పండి. మూడేళ్లు దాటిన కారుకు రెండేళ్లకోసారి, పదేళ్లు దాటితే ఏటా తనిఖీ ఎలాగూ ఉంది. సీవోఈకి పోసిన డబ్బు తలుచుకుంటే ఈ జాగ్రత్త ఎక్కువేమీ కాదు. ఇండియాలో థార్‌కు చేయించాలనుకునే తమ్ముళ్లు, బావమరుదులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదవాలి. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక ఆ ఫోన్ నంబర్ల దగ్గరకు వద్దాం.

నిజానికి మనవాళ్లలో ఇంత మంచి వెల్డర్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. విశాఖలో సింధియా పేరు ఒక బస్టాపుగానే చాలామందికి తెలుసు. 1941లో అక్కడ సింధియా కంపెనీ ఓడల కార్ఖానా మొదలుపెట్టింది, 1948లో ‘జల ఉష’ అక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. ఆ తర్వాత అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, స్టీల్‌ప్లాంట్ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఐటీఐ చదివి చేతికి గ్లవుజులు తొడిగినవాళ్లు తరాలుగా ఉన్నారు. నేను చదివిన క్లాసులో సగం మంది నాన్నలు యూనిఫాంలో పనికెళ్లేవారు. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి కుర్రాళ్లు 6జీ టెస్టు పాసై గల్ఫ్‌కూ, సింగపూర్‌కూ వచ్చారు. 6జీ అంటే గొట్టాన్ని నలభై అయిదు డిగ్రీల వాలుగా బిగించి, తిప్పకుండా, కిందా పైనా పక్కలా చుట్టూ వెల్డ్ చేయడం. ఆ టెస్టు పాసైనవాడి చేతికి ఉన్న నిలకడ, మన ఇంజినీర్లలో చాలామందికి కీబోర్డు మీద కూడా ఉండదు. తువాస్, జురాంగ్ వైపు యార్డుల్లో ఓడలు, చమురు వేదికలు కట్టే చేతుల్లో ఇవీ ఉన్నాయి.

అలాంటి ఒక తమ్ముడు నాకు తెలుసు. టెక్కలి దగ్గర పల్లె. పరిచయమైన కొత్తలో నన్ను ‘సార్’ అనేవాడు. ‘సార్’ పోయి ‘అన్నయ్యా’ రావడానికి ఏడాది పట్టింది. మా ఊళ్ల మధ్య దూరం కంటే ఇక్కడ మా ఇద్దరి పాసుల మధ్య దూరం ఎక్కువ మరి. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో కాఫీ తాగుతూ మిత్రుడి ఇరుసు ఫొటో చూపించాను. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి చూసి అన్నాడు: “పైన ఒకటే పాస్ లాగీసినారు అన్నయ్యా. పుల్లింగ్ రాక ఏమవుద్ది? ప్లేటుకే మేం అలా కొట్టం, ఇది పైపు.” సీల్ రెండుసార్లు మార్చిన మెకానిక్‌కు దొరకని జవాబు అది.

ఫొటో చూసి చెప్పడం దాకా సరే. ఆ తమ్ముణ్ని ఆదివారం పిలిచి వెల్డింగ్ చేయించుకోవడం వేరు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు పర్మిట్‌లో రాసిన యజమాని దగ్గర, రాసిన పని మాత్రమే చేయాలి. సెలవు రోజున ఇంకొకరికి పనిచేసి పట్టుబడితే అతనికి జరిగేది మందలింపు కాదు. పర్మిట్ పోతుంది, ఇంటికి పంపేస్తారు, మళ్లీ రాకుండా తలుపు మూసుకుపోవచ్చు. ఇక్కడికి రావడానికి ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంటుంది. చేయించుకున్నవాడికీ శిక్ష ఉందనుకోండి. కానీ ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉన్న మన నష్టమూ, అతని నష్టమూ ఒక త్రాసులో తూగేవి కావు. మనకు భార్యాపిల్లలు పక్కన ఉన్నారు. వర్క్ పర్మిట్ వాళ్లకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలే లేదు. అతని కూతురికి ఆరేళ్లు, నాన్నను చూసింది ఎక్కువగా ఫోన్‌లోనే.

‘డబ్బులివ్వం, ఊరికే సాయం’ అంటారు కొందరు. చేతిలో వెల్డింగ్ టార్చ్ ఉండగా ఆ తేడాను ఎవరికి నిరూపిస్తారు? పైగా ఊరికే చేయించుకోవడం ఇంకా తప్పు. ‘వాడికీ నాలుగు డబ్బులొస్తాయి కదా, మంచికే’ అనే మాటలో నిజం ఉంది, అదే నన్ను ఇబ్బంది పెడుతుంది. అడిగితే అతను కాదనడు. డబ్బు అవసరం, మొహమాటం, అడిగింది పెద్ద ఉద్యోగంలో ఉన్న ఊరివాడు. కాదనలేని మనిషిని అడగడం అడగడం కాదు. ఇంకొకటి, అతను వారమంతా ఇనుప గదుల్లో వేడిలో పనిచేసి, లారీ వెనుక కూర్చుని డార్మిటరీకి వచ్చాడు. ఆ ఆదివారం అతనికి నిద్రపోవడానికీ, ఇంటికి వీడియో కాల్ చేయడానికీ ఉన్న ఒకే రోజు. మన వారాంతపు బురద సరదా కోసం దాన్నెందుకు తినాలి?

2020లో డార్మిటరీల తలుపులు మూసినప్పుడు మన కుటుంబాలు చాలా చేశాయి. సరుకులు, ఫోన్ రీచార్జులు, మందులు పంపాయి. ఆ మంచితనం నిజమైనదే. అయితే కష్టంలో ఉన్నప్పుడు మాత్రమే గుర్తొచ్చే బంధుత్వం ఒకటి, పనిపడ్డప్పుడు మాత్రమే గుర్తొచ్చే బంధుత్వం ఇంకొకటి. రెండింటి మధ్య మామూలు రోజులు కూడా ఉంటాయి. ఉగాది సభలో మన పిల్లలు రోబోటిక్స్ ప్రాజెక్టు చూపిస్తారు, డాక్టర్లు ఆరోగ్యం మీద మాట్లాడతారు. ఓడ గొట్టాన్ని చుట్టూ ఎలా అతికిస్తారో ఒక వెల్డర్ అరగంట చెబితే వినడానికి నేను మొదటి వరుసలో కూర్చుంటాను. నా కొడుక్కి ట్రిగనామెట్రీ ఎందుకో నేను చెప్పినదానికంటే బాగా అర్థమవుతుంది కూడా. అందుకు పర్మిట్ అడ్డురాదు, వెనక కుర్చీలు ముందుకు జరిపితే చాలు.

గ్రూపుల అడ్మిన్లు ఆ నంబర్లు కనిపిస్తే తీసేయండి. పెట్టినవాళ్లను తిట్టక్కర్లేదు, కారణం చెబితే అర్థం చేసుకుంటారు. అప్పటికీ ఇరుసుకు ట్రస్ వేయించి తీరాలనుకునేవాళ్లు లైసెన్సుతో నడిచే షెడ్డుకే వెళ్లండి. ఇరుసు బండి మీద ఉండగానే చేస్తారా, దించి చేస్తారా? లోపల తిన్నని కడ్డీ పెట్టి చూస్తారా? ముందు కొలతలు, తర్వాత కొలతలు కాగితం మీద ఇస్తారా? మొదటి ప్రశ్నకే ‘సాయంత్రానికి ఇచ్చేస్తాం’ అన్నవాళ్ల దగ్గర తాళంచెవి ఇవ్వకండి. అన్నిటికీ సరైన జవాబు చెప్పే షెడ్డు ఒకటి మిత్రుడికి దొరికింది. వంకరైన ఇరుసును తిన్నగా చేసి, ట్రస్‌ను మళ్లీ సరిగ్గా వేయడానికి రెండు రోజుల పని అన్నారు. ఆ కొటేషన్ కంపెనీ కొత్త హౌసింగ్ ధరను దాటిపోయింది. మిత్రుడు కొత్త హౌసింగ్ కొనుక్కుని, పెద్ద టైర్లు అమ్మకానికి పెట్టాడు.